మొండి తోక, కోసు ముక్కు: ఆ పాము కట్లపాము కాదు!

తొలకరి పడ్డాక పసుపు, అల్లం వేయడానికి కొండ చేను తవ్వుతుంటే పార దెబ్బకి జానెడు పాము ఒకటి మట్టిలోంచి బయటపడుతుంది. నల్లగా నిగనిగలాడుతుంది, పక్కన పసుప్పచ్చ చార కనబడుతుంది. వెంటనే "కట్లపాము పిల్లరా!" అని కేక, దాని మీద పార. అయితే అది కట్లపాము కాకపోవచ్చు, దానికి విషమే లేకపోవచ్చు. కొట్టే ముందు ఒక్క క్షణం ఆగి దాని తోక చూడండి.

ఇలా మట్టిలో బతికే పాముల్లో ఒక జాతిని ఇంగ్లీషులో షీల్డ్‌టెయిల్ అంటారు, అంటే డాలు తోక పాము. విశాఖపట్నం వెనక కొండల్లో నమోదైన రకం పేరు ఎలియట్ షీల్డ్‌టెయిల్. అప్పట్లో ఉత్తర సర్కారు జిల్లాలకు కమిషనరుగా చేసిన వాల్టర్ ఎలియట్ పేరు మీద 1858లో గ్రే అనే శాస్త్రజ్ఞుడు దానికా పేరు పెట్టాడు.

గుర్తుపట్టడం ఎలా అంటారా? రంగుని నమ్మొద్దు. రెండు కొసలూ చూడాలి. తల మెడకంటే వెడల్పుగా ఉండదు, మట్టిని తొలుచుకుపోవడానికి వీలుగా ముక్కు కోసుగా ఉంటుంది. కళ్ళు ఆవగింజంత. తోక మాత్రం సన్నబడకుండా ఎవరో కత్తితో నరికేసినట్టు మొండిగా ఆగిపోతుంది. ఆ కొసన పొలుసులు గరుకుగా ఉండి మట్టి అంటుకుని ఉంటుంది. పాము లోపలికి పోతుంటే ఆ మట్టి ముద్దే వెనక బొరియకి బిరడా అవుతుంది. ఎలియట్ రకానికి మెడ పక్కల, తోక పక్కల పసుపు చారలుంటాయి. ఎంత పెరిగినా పాతిక సెంటీమీటర్లకి అటూ ఇటూగానే ఉంటుంది.

కట్లపాము అలా కాదు. దాని తోక సన్నగా కొసదేరి ఉంటుంది. నల్లటి ఒంటి మీద తెల్లటి సన్నని అడ్డ కట్లు, చాలా చోట్ల జంటలు జంటలుగా ఉంటాయి. వెన్ను మధ్యన ఒక వరస పొలుసులు మిగతావాటికంటే పెద్దవి, ఆరు పలకలవి. కడుపు కింది పొలుసులు ఈ కొస నుంచి ఆ కొసకి వెడల్పుగా పరుచుకుని ఉంటాయి. డాలు తోక పాముకి అవి సన్నగా ఉంటాయి. కడుపు చూడ్డానికని పాముని చేత్తో తిప్పొద్దు సుమా. చచ్చిన విషప్పాము కూడా కాసేపటిదాకా కాటు వేయగలదు.

ఈ జాతిలో ఇప్పటికి అరవై దాకా రకాలు లెక్కతేలాయి. పశ్చిమ, తూర్పు కనుమల వైపు, శ్రీలంకలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేవు. చల్లటి తేమ నేల వదిలి ఎండ మైదానం దాటలేవు కాబట్టి ఒక్కో కొండ మీద మిగిలినవి ఆ కొండకే ప్రత్యేక రకాలయ్యాయి. మద్రాసు అటవీశాఖలో పనిచేసిన బెడ్డోమ్ దొర పందొమ్మిదో శతాబ్దంలో చాలా వాటికి పేర్లు పెట్టాడు. 1943లో మాల్కం స్మిత్ తన పుస్తకంలో కొన్నిటిని కలిపేశాడు. ఇప్పుడు పొలుసుల వరసలు లెక్కపెట్టి, డి.ఎన్.ఎ. కూడా చూసి మళ్ళీ విడదీస్తున్నారు. ఆ పేర్ల గొడవ శాస్త్రజ్ఞులది. ఏ రకానికీ విషం లేదన్నది మనకి చాలు.

ఇది ఎలకల్ని పట్టదు, వానపాముల్ని తింటుంది. వానపాము రైతు మిత్రుడు కదా అంటారేమో. నిజమే, కానీ వానపాములు దండిగా ఉన్న మెత్తటి తేమ నేలలోనే ఇది నిలుస్తుంది. గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది. కనబడితే పారతో మట్టితో సహా ఎత్తి గట్టు పక్కన వేయండి, దానంతటదే దిగిపోతుంది. ఇది రెండు తలల పాము, లక్షలు పలుకుతుంది అనేవాళ్ళని నమ్మొద్దు. వాళ్ళు చెప్పే పాము వేరు, దాన్ని పట్టి అమ్మితే 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద కేసు పడుతుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా గుర్తుంచుకోవాలి. కొట్టాలా వదలాలా అన్న దానికే ఈ గుర్తులు. కాటు పడ్డాక ఏ పామో తేల్చుకుంటూ కూర్చోవద్దు. కట్లపాము ఎక్కువగా రాత్రిపూట, నేల మీద పడుకున్నవాళ్ళని కరుస్తుంది. నొప్పి, వాపు పెద్దగా ఉండవు. కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం కొన్ని గంటల తర్వాత మొదలవుతాయి. కోయడం, పీల్చడం, తాడుతో బిగించడం వద్దు. కాటు పడ్డ చెయ్యో కాలో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు ఇంజెక్షను ఉన్న ఆస్పత్రికి చేర్చండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి నాలుగింటికీ ఒకటే మందు. కాబట్టి పాముని చంపి పట్టుకెళ్ళాల్సిన పని లేదు.