మూడేండ్ల అనుమతి, ముప్పదేండ్ల తనఖా

పొలము అమ్మకమునకు వచ్చినదనగానే పూర్వము మన గ్రామములలో కూతురి వివాహమో, వ్యాజ్యమో, పాతబాకీయో కారణమై యుండెడిది. ఇప్పుడు మఱియొక కారణము వినవచ్చుచున్నది. అబ్బాయి అమెరికాలో ఇల్లు కొనుచున్నాడనియు, ముందు చెల్లింపవలసిన సొమ్ముకు కొంత తక్కువైనదనియు పెద్దలు చెప్పుచున్నారు. చెప్పునపుడు వారి ముఖమున విచారము కానరాదు, గర్వమే కానవచ్చును. ఆ గర్వమును మేము ఆక్షేపింపము. కాని ఆ ఇల్లు ఎట్టి షరతులపై వచ్చుచున్నదో, దానిని కొనువాడు ఆ దేశమున ఎట్టి హక్కుతో నిలిచియున్నాడో ఇచ్చట పొలము అమ్మువారిలో పెక్కురకు తెలియదు. ఆ సంగతినే నేడు విచారింపదలచితిమి.

మనవారు విశేషముగా హెచ్-1బి అను వీసాపై పనిచేయుచున్నారు. 1990 సంవత్సరపు చట్టమువలన ఏర్పడిన ఈ వీసా ఒక యజమాని యొద్ద, ఒక ఉద్యోగము నిమిత్తము, ఒక్కొక్కసారి మూడేండ్లకు మించకుండ ఇయ్యబడును. మొత్తము మీద ఆరేండ్లు గడువు. అటుపైన నిలువవలెనన్న యజమాని వాని పక్షమున శాశ్వత నివాసమునకై దరఖాస్తు నడుపుచుండవలెను. ఉద్యోగమూలముగా సంవత్సరమునకు ఇయ్యదగిన గ్రీన్ కార్డులు, భార్యాబిడ్డలతో కూడ కలిపి, రమారమి 1,40,000. ఏ యొక్క దేశస్థులకును నూటికి 7 వంతులకు మించరాదని నిబంధన. ముప్పది లక్షల జనము గల దేశమునకును, నూటనలువది కోట్ల జనము గల దేశమునకును ఇదే కొలత! తత్ఫలితముగా భారతీయుల వరుస పదేండ్లకు పైబడి వెనుకబడియున్నది. ఇరువదియైదవ యేట వెళ్లిన యువకుడు నలువదవ యేట సైతము మూడేండ్ల చీటీ వెంబడి మూడేండ్ల చీటీగానే కాలము గడుపుచుండును. ఈలోపల వివాహమగును, పిల్లలు బడికి పోవుదురు, అద్దె ఏటేట పెరుగును. అట్టివానిని ఇల్లెందుకని అడుగుట సులభము. సమాధానము వినుట కష్టము.

చట్టమువలన వానికి అడ్డు లేదు. బ్యాంకులిచ్చిన ఋణములను కొని, ఋణదాతలకు మరల సొమ్ము సమకూర్చునట్టి ఫ్యానీ మే, ఫ్రెడీ మాక్ అను రెండు పెద్ద సంస్థలును, న్యాయసమ్మతముగా ఆ దేశమున నివసించు తాత్కాలికోద్యోగికి పౌరునితో సమానమైన షరతులనే వర్తింపజేయుచున్నవి. జాతిని బట్టియు, పుట్టిన దేశమును బట్టియు ఋణము నిరాకరింపరాదని 1974 నాటి సమాన ఋణావకాశ చట్టము శాసించుచున్నది. అయితే బాకీ రాబట్టుకొను హక్కునకు సంబంధించినంతవరకు వీసా స్థితిని ఋణదాత విచారింపవచ్చును. కావున ఋణదాత రెండేండ్ల జీతపు లెక్కలు, వీసా మంజూరు పత్రము, యజమాని ఉత్తరము, బ్యాంకు నిలువలు ఒక్కొక్కటిగ పరీక్షించును. గడువు త్వరలో తీరనున్నచో తిరిగి పొడిగింపబడునా యని ప్రశ్నించును.

ఇంకొక చిక్కు కలదు. హైదరాబాదులో వాడు తీర్చిన అప్పులు గాని, తండ్రి సహకార సంఘమున నలువదేండ్లు తప్పక చెల్లించిన వాయిదాలు గాని ఆ దేశపు లెక్కలోనికి సామాన్యముగా రావు. పరువు అక్కడ 300 మొదలు 850 వరకు గల ఒక అంకె. అది పుట్టవలెనన్న ముందు క్రెడిటు కార్డు పుచ్చుకొని, అక్కరలేకున్నను అప్పుచేసి, తీర్చి చూపవలెను. అప్పు లేనివాడే ధన్యుడని నేర్చిన మన యింటి పిల్లవానికి, అప్పెరుగనివాడు అచ్చట అనుమానాస్పదుడని తెలియుటకు కొన్ని నెలలు పట్టును.

ఈపాటి సౌలభ్యమైనను మొదటినుండి ఉన్నది కాదు. కాలిఫోర్నియా రాష్ట్రము 1913లో, పౌరులగుటకు అర్హత లేని విదేశీయులు సాగుభూమిని కొనరాదని శాసనము చేసెను. భారతీయులకు ఆ అర్హత లేదని 1923లో అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ థింద్ వ్యాజ్యమున తీర్పు చెప్పెను. ఆయన మొదటి ప్రపంచ యుద్ధమున ఆ దేశపు సైన్యమునందే పనిచేసినవాడు! అంతట ఇంపీరియల్ లోయలోని పంజాబీ రైతులు తాము దున్నిన నేలను తెల్లవారగు పరిచితుల పేరనో, అచ్చట పుట్టిన తమ బిడ్డల పేరనో నిలుపుకొనవలసివచ్చెను. నమ్మినవాడు మంచివాడైన నేల దక్కెను, కానిచో పోయెను. ఆ లోయలోనే వ్యవసాయము చేసిన దలీప్ సింగ్ సౌంద్ 1946 చట్టము మార్గము తెరచిన పిదప 1949లో పౌరుడై, 1956లో కాంగ్రెసు సభకే ఎన్నికయ్యెను. నాడు మనవారికి నివాసము ఉండియు నేల లేదు. నేడు నేలను సంతోషముగా అమ్ముచున్నారు. నివాసమునే వాయిదాలపై ఇచ్చుచున్నారు.

గాలి మరల మారుచున్న జాడలును లేకపోలేదు. స్వల్పముగా ముందు సొమ్ము చెల్లించువారికి అండగా 1934లో ఏర్పడిన ఫెడరలు గృహ యాజమాన్య శాఖ, అనగా ఎఫ్.హెచ్.ఏ., నూటికి మూడున్నర వంతులు మాత్రమే చేతనున్న వానికిని పూచీపడుచుండెడిది. శాశ్వత నివాసాధికారము లేనివారికి ఈ పూచీ యిక లేదని 2025 మార్చిలో ఉత్తరువు వెలువడి, మే 25వ తేదీనుండి అమలైనది. ఆ సెప్టెంబరులోనే క్రొత్త హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల చెల్లింపు విధించు అధ్యక్ష ప్రకటన వచ్చినది. ఇదివరకే ఇల్లు కొన్నవారిని ఇవి నేరుగా తాకవు. కాని చీటీ మార్చుకొనవలసిన ప్రతివాని గుండెలోను ఇవి మ్రోగుచుండును.

ఇక లెక్క చూతము. టెక్సాసు రాష్ట్రమున డల్లాసు నగరము చెంతనున్న ఫ్రిస్కో, ఇర్వింగు పట్టణములలో మనవారు విరివిగ కలరు. అచ్చట 5,00,000 డాలర్ల ఇల్లనుకొందము. ఐదవ వంతు, అనగా లక్ష డాలర్లు, ముందు చెల్లించినాడు. తక్కిన నాలుగు లక్షలు నూటికి ఆరున్నర వడ్డీపై ముప్పదేండ్ల ఋణము. 2021లో మూడుకు లోపల దొరకిన వడ్డీ 2023 అక్టోబరునాటికి ఎనిమిది దరిదాపులకు ఎగబ్రాకినది గావున ఆరున్నర అన్యాయమైన ఊహ కాదు. నెలకు వాయిదా రమారమి 2,528 డాలర్లు. ఆ రాష్ట్రమున ఆదాయపుపన్ను లేదని సంతోషించుదురు గాని ఆ లోటును ఇంటిపన్ను తీర్చుచున్నది. నూటికి రెండు వంతులు వేసికొన్నను ఏటికి పదివేలు. దీనిపై ఇంటి భీమా వేరు.

ఒక చీటీ కాలము, మూడేండ్లు, గడచినదనుకొనుడు. వాయిదాల క్రింద 91,000 డాలర్లు చెల్లించియుండును. అందు అసలు క్రింద జమపడునది 14,300 మాత్రమే! తక్కిన 76,700 వడ్డీ. అప్పుడు చీటీ పొడిగింపక ఇల్లమ్మవలసివచ్చినచో దళారీల రుసుము నూటికి ఐదైనను 25,000. ఇంటి ధర పెరిగియున్న సరే; పెరుగనిచో ముందు చెల్లించిన సొమ్ములోనే, అనగా ఊరి పొలములోనే, కోత పడును. మొదటి ఏండ్లలో వడ్డీయే అధికముగా తీరునట్టి ఈ ఏర్పాటు అందఱికిని సమానమే. పౌరుడు ముప్పదేండ్లు వేచియుండగలడు. మనవాడు వేచియుండగలడో లేదో వాని చేతిలో లేదు.

అన్నింటికంటె మమ్ము కలవరపెట్టినది వేరొక లెక్క. వాయిదాలు తప్పిన గృహస్థుని విషయమై ఆ దేశపు నిబంధన దయగలదియే. సామాన్యముగా బాకీ 120 దినములకు మించి నిలిచినగాని ఇంటిని వేలమునకు తెచ్చుటకు తొలి చర్య సైతము తీసికొనరాదు. ఇక ఉద్యోగము పోయిన హెచ్-1బి వాని విషయము. 2017 జనవరినుండి అమలునందున్న నిబంధన ప్రకారము వానికి గరిష్ఠముగా 60 దినములు. వీసా గడువు అంతకు ముందే తీరినచో అంతకన్న తక్కువ. ఈలోపల క్రొత్త యజమాని దరఖాస్తు పెట్టవలెను, లేదా స్థితి మార్చుకొనుటకు తానే దరఖాస్తు చేయవలెను, లేదా దేశము విడువవలెను. ఇంటికి 120 దినములు, ఇంటివానికి 60! 2022 చివరనుండి 2023 వరకు గొప్ప గొప్ప సాంకేతిక సంస్థలు వేలకొలది ఉద్యోగులను తొలగించినపుడు ఈ రెండు అంకెల నడుమ మనవారు పెక్కురు నలిగిరి.

ఇంతమాత్రమున అద్దె యిండ్లలోనే జీవితము వెళ్లబుచ్చుడని మేము చెప్పజాలము. వీసా పోయినను ఇంటిపై హక్కు పోదు. వాయిదాలు సాగుచున్నంతకాలము అద్దెకిచ్చి తిరిగి రావచ్చును. అయితే ఆ దేశమును వీడి, పన్నుల చట్టమున విదేశీయుడైన పిదప అమ్మినచో, లాభము వచ్చినను రాకున్నను, సామాన్యముగా అమ్మకపు ధరలో నూటికి 15 వంతులు కొనువాడు పట్టి ప్రభుత్వమునకు కట్టవలెను. పన్ను లెక్క దాఖలుచేసి మిగులు తిరిగి పొందవలెను. కావున ఇల్లు కొనిన నాడే ఆరునెలల వాయిదాలు విడిగా నిలువ చేయలేనివాడు, భార్యకును పనిచేయు అనుమతి లేనివాడు, శాశ్వత నివాస దరఖాస్తు ఇంకను తొలిమెట్టుననే యున్నవాడు కొంతకాలము ఆగుట మేలని మా అభిప్రాయము. పొరుగువాడు కొన్నాడని కొనుట, సంబంధములవారు అడుగుదురని కొనుట మాత్రము మాకు బొత్తిగా నచ్చని సంగతులు. ఇచ్చటి పెద్దలే ఈ వత్తిడికి సగము బాధ్యులు.

పొలము అమ్మిన సొమ్ము పంపుటకును పద్ధతి కలదు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారము ఒక్కొక్కరు సంవత్సరమునకు 2,50,000 డాలర్ల వరకు పంపవచ్చును. బిడ్డకు కానుకగా పంపునది పది లక్షల రూపాయలు దాటినచో, దాటిన మొత్తముపై నూటికి 20 వంతులు బ్యాంకువారు ముందుగనే పన్నుగా పట్టుదురు. ఆదాయపుపన్ను లెక్క దాఖలు చేసినగాని అది తిరిగి రాదు. ఎన్నడును దాఖలు చేయని రైతులు దీనిని ముందే కనుగొనవలెను. పిమ్మట ఆ దేశపు ఋణదాత ఒక పత్రము పంపును. ఈ సొమ్ము అప్పు కాదు, కానుకయే. దీనిని తిరిగి పుచ్చుకొను ఉద్దేశము నాకు లేదు అని తండ్రి అందు వ్రాలు చేయవలెను. రెండవ పిల్ల పెండ్లినాటికి అన్న సర్దునని తలచి పొలము అమ్మిన తండ్రియు, ఇంగ్లీషు వాచకమును కుమారుడు ఫోనులో తెలుగున చెప్పగా విని, అచ్చటనే వ్రాలు చేయుచున్నాడు.