తొలి పాదయాత్రకు ఏ దారి?

పాదయాత్ర అనగానే మనకు కాశీయో రామేశ్వరమో తోచును. దూరం ఎంత పెరిగితే ఘనత అంత అని భావించుట మనలో పాత అలవాటు. వీపున సంచి వేసుకొని తొలిసారి బయలుదేరే విద్యార్థి విషయంలో ఈ భావన చేటు తెచ్చును. మొదటి ప్రయాణంలోనే కాళ్లు బొబ్బలెక్కి, దాహానికి నీరు దొరకక, పొద్దుపోయి ఇల్లు చేరిన బాలుడు మరల నడక పేరెత్తడు. వెంట తీసుకొని వెళ్లిన ఉపాధ్యాయుని మాట తల్లిదండ్రులు రెండవసారి వినరు. కనుక ఎంత నడిచితిమి అనుటకంటె ఏ దారిని ఎన్నుకొంటిమి అన్నదే తొలియాత్రలో ముఖ్యం.

దీర్ఘమైన దారిని ఒక్క విడతలోనే నడవవలెనను నియమం లేదు. అమెరికాలోని అపలేచియన్ కాలిబాట సుమారు 3,500 కిలోమీటర్ల పొడవు గలది. 1921లో ప్రతిపాదింపబడి 1937లో పూర్తియైన ఆ బాటపై అడుగుపెట్టేవారిలో అధికులు ఒకటి రెండు రోజులు నడిచి ఇంటికి మరలేవారే. మనకు అట్టి గుర్తులు నాటిన బాట లేకున్నను కృష్ణానది ఉన్నది. మహాబలేశ్వరం వద్ద పుట్టిన ఆ నది సుమారు 1,400 కిలోమీటర్లు ప్రవహించి, దివిసీమలో హంసలదీవి వద్ద సాగరంలో కలియుచున్నది. నది వెంబడి ఊరి నుండి ఊరికి సాగే దారియే మన దీర్ఘమార్గం. అందులో మొదట నడవదగిన తునక ఏది?

పిల్లలను అడిగితే హంసలదీవి అనియే అందురు. నది సముద్రాన్ని చేరే చోటును కాలినడకన చేరవలెనను కోరిక సహజమే. కాని దూరపు కొండలు నునుపు. కోడూరు దాటిన పిమ్మట ఊళ్లు పలుచబడును, నీడ తగ్గును, నేల ఉప్పు, నీరు ఉప్పు. అలసినవాడు ఎక్కుటకు బస్సు వెంటనే దొరుకునన్న నమ్మకం లేదు. ఇక కార్తీక మాసపు తుపానుల మాట ఈ సీమవారికి వేరుగా చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమ గ్రామాలపై విరుచుకుపడి వేలమందిని పొట్టన పెట్టుకొన్నది. ఆ తీరానికి ఋతువు తెలిసి, నడక తెలిసి వెళ్లవలెను. మాఘపూర్ణిమకు జనం సంగమస్నానానికి తరలే రోజుల్లో, రెండవ యాత్రగానో మూడవ యాత్రగానో దానిని ఉంచుకొనుట మేలు.

బందరు నుండి గుడివాడకు నడుద్దామనువారు కొందరు. రైలుమార్గం తోడుండుట ఆ దారిలోని సుగుణం. కాని అది నదికి ఎడమైన దారి. వాహనాల రద్దీ కూడా ఎక్కువ. దానిని అభ్యాసానికి వాడుకొనవచ్చును. బందరు విద్యార్థులు ఒక ఆదివారం ఉదయం నిండు సంచితో పెడన వరకు నడిచి, కలంకారీ అద్దకం చూచి, రైలులో తిరిగి రావచ్చును. గుడివాడవారు అంగలూరు వెళ్లి రావచ్చును. చెప్పు ఎక్కడ కరచునో, సంచిపట్టీ ఏ భుజాన్ని కోయునో ఆ పూటనే తెలిసిపోవును.

అసలు యాత్రకు నేను సూచించేది శ్రీకాకుళం నుండి మోపిదేవి వరకు గల భాగం. ఈ శ్రీకాకుళం ఉత్తరాంధ్ర పట్టణం కాదు. ఘంటసాలకు చేరువను, కృష్ణ ఒడ్డున ఉన్న ఆంధ్రమహావిష్ణువు క్షేత్రం. కృష్ణదేవరాయలకు స్వప్నంలో సాక్షాత్కరించి ఆముక్తమాల్యద రచింపుమని ఆనతిచ్చినది ఈ స్వామియే. తరగతిలో చెప్పిన అవతారికను ఆ మండపంలో కూర్చుండి మరల చదివించిన గురువుకు వేరే వ్యాఖ్యానంతో పనిలేదు. అక్కడి నుండి మొదటినాడు ఘంటసాల చేరవలెను. క్రీస్తుశకం రెండవ శతాబ్దంలో టాలెమీ పేర్కొన్న రేవు ఇదేనని చరిత్రకారుల అభిప్రాయం. అచటి బౌద్ధశిల్పాలు చూచుటకు ఒక సాయంకాలం కావలెను. రెండవనాడు చల్లపల్లి మీదుగా దివిసీమ ముంగిటనున్న మోపిదేవి చేరవచ్చును. మొత్తం 30 కిలోమీటర్లకు లోపే. రోజుకు 15 మించదు. కాలు బెణికినవానిని చల్లపల్లిలో బస్సెక్కించి పంపవచ్చును. మధ్యలో విరమించుటకు వీలున్న దారియే తొలివానికి తగిన దారి.

సంక్రాంతి వెళ్లిన తరువాత బయలుదేరుట మంచిది. వరికోతలు ముగిసి మాగాణుల్లో మినుము పచ్చగా పరచుకొని ఉండును. ఎండ తీక్షణం కాదు. సంచితో విద్యార్థి గంటకు 3 కిలోమీటర్లు నడుచునని లెక్కించిన, ఉదయం 6 గంటలకు కదిలినవారు 11 గంటలకు గమ్యం చేరుదురు. గంటకు అరలీటరు చొప్పున నీరు కావలెను. లీటరు నీరు కిలో బరువు. కాబట్టి ఒక్కొక్కరు 2 లీటర్లు మోసి, దారి ఊళ్లలో మరల నింపుకొనవలెను. నీటితో కలిపి సంచి 5 కిలోలకు మించరాదు. దుప్పటి, ఒక జత బట్టలు, అటుకులు, బెల్లం, చేతిదీపం చాలును. కొత్త చెప్పులు వలదు. బందరు లడ్డు తిరుగు ప్రయాణానికి ఉంచుకొనవలెను.

ఉపాధ్యాయులు పాటింపవలసినవి నాలుగు. తల్లిదండ్రుల అనుమతి వ్రాతపూర్వకంగా తీసుకొనవలెను. రాత్రి బసకు బడినో సత్రాన్నో ముందే అడిగి ఉంచవలెను. కాలువలోగాని నదిలోగాని పిల్లలను దిగనీయరాదు. రోడ్డు మీద ఎదురు వాహనాలు కనబడునట్లు కుడివైపున ఒకే వరుసగా నడిపించవలెను. అందరికంటె మెల్లగా నడిచేవాడు ముందుండవలెను, గురువు వెనుక ఉండవలెను. గట్టివాడు ముందున్న జట్టు అరగంటలో చీలిపోవును.

మోపిదేవిలో సంచి దించిన పిల్లవాడు, ఇక్కడి నుండి సముద్రం ఎంత దూరమని అడుగును. ఆ ప్రశ్న వినబడినచో ఎన్నిక సరియైనదే. పులిగడ్డ, అవనిగడ్డ, కోడూరు, హంసలదీవి అని వరుసగా చెప్పి, వచ్చే సంవత్సరం మాఘానికి మాట ఇవ్వవచ్చును.