చమురు ఇంకిపోవునన్న భయము: అపోహలు, వాస్తవములు

వికారాబాదు నుండి తాండూరు మీదుగా వాడి జంక్షనుకు పోవు రైలుమార్గమున ధారూర్ ఒక చిన్న స్టేషను. 1874లో నిజాము రాజ్యమున వెలసిన ఆ మార్గమున మొదట ఆవిరి యింజనులును, పిదప డీజిలు యింజనులును నడచినవి. నేడు విద్యుత్తు తీగల క్రింద బండ్లు పోవుచున్నవి. చోదకశక్తి ఇట్లు మారుటను కన్నులార చూచిన ప్రాంతము గనుక ఇచ్చట చమురు భవిష్యత్తును గూర్చిన దిగులు తక్కువగా నుండునని తలంతుము. కాని పెట్రోలు ధర పెరిగినప్పుడెల్ల బంకు వద్దను, టీ హోటళ్లలోను, తాండూరు కందుల మార్కెట్టులోను వినవచ్చు మాట వేరు. చమురు అయిపోవచ్చినదనియు, జనము మితిమీరినదనియు, పిల్లలకేమియు మిగులదనియు పెద్దలు నిట్టూర్చుచుందురు. ఆ ఆందోళన సహజమైనదే. దానికి చెప్పు కారణములే చాలవరకు సత్యమునకు దూరమైనవి.

అపోహ: ఇంకొక నలుబది యేండ్లలో భూమిలోని చమురంతయు అయిపోవును.

ఈ లెక్క యెట్లు పుట్టినదో ముందు తెలియవలెను. ప్రపంచపు నిరూపిత నిల్వలను ఏటి వాడకముతో భాగించి ఇన్ని సంవత్సరములని చెప్పుదురు; గరిసెలోని గింజలను నెలసరి ఖర్చుతో భాగించి చూచుకొనుట వంటిదే ఇది. కాని నిరూపిత నిల్వయనగా భూగర్భమున నున్న చమురంతయు కాదు, నేటి ధరకు, నేటి సాధనములతో, లాభసాటిగా పైకి తీయదగినంత మాత్రమే. 1980లో ఈ నిల్వ సుమారు 68,000 కోట్ల పీపాలనిరి. ఆ తరువాతి నలుబది యేండ్లలో లోకము లక్ష కోట్ల పీపాలకు పైగా కాల్చివేసినది. అయినను 2020 నాటికి నిల్వ 1,73,000 కోట్ల పీపాలకు చేరినది. కెనడా తారు ఇసుకలను, వెనిజులా చిక్కని చమురును లెక్కలో చేర్చుటయు, కొన్ని దేశములు తమ అంకెలను తామే పెంచుకొనుటయు ఇందులో కలవు గనుక ఈ పెద్ద సంఖ్యను చూచి గుండెమీద చేయి వేసికొని నిద్రించుటకును వీలులేదు.

ఒక్కొక్క క్షేత్రము తరుగుట మాత్రము కల్ల కాదు. అందుకు మన తీరమే సాక్షి. కృష్ణా గోదావరి పరీవాహమున, కాకినాడకు ఎదుట సముద్రగర్భమున, 2002లో కనుగొన్న డి-6 బ్లాకు క్షేత్రములనుండి 2009 ఏప్రిలులో సహజవాయువు రాసాగినది. 2010లో దినమునకు సుమారు 6 కోట్ల ఘనపు మీటర్ల వరకు పోయినది. దానిని నమ్ముకొని ఆంధ్రదేశమున విద్యుత్కేంద్రములు లేచినవి. కాని బావులలో పీడనము పడిపోయి, నీరును ఇసుకయు చొరబడి, కొలది యేండ్లలోనే ఉత్పత్తి కృశించినది. వేలకోట్లు పోసి కట్టిన కేంద్రములలో పెక్కు వాయువు లేక మూగవోయి నిలిచినవి. మొదటి రెండు క్షేత్రములు 2020 ఫిబ్రవరిలో పూర్తిగా మూతపడినవి. అదే సంవత్సరము డిసెంబరులో అదే ప్రాంతమున, మరింత లోతునీటిలో, వేరొక క్షేత్రము తెరచుకొన్నది. 2024 జనవరిలో ఓఎన్జీసీ సంస్థయు ఆ పరీవాహపు లోతునీటినుండి చమురును పైకి తెచ్చినది. చమురు ఏదో ఒక ఉదయమున ఆగిపోదు. వచ్చు ప్రతి పీపాయి మునుపటికంటె లోతునుండి, ఎక్కువ ఖర్చుతో వచ్చును. కావలసిన ముడిచమురులో నూటికి 85 వంతులకు పైగా బయటినుండి కొనుచున్న మన దేశమునకు అసలు గండము ఆ ఖర్చులోనే యున్నది.

1956లో అమెరికా భూభౌతిక శాస్త్రజ్ఞుడు కింగ్ హబ్బర్ట్ తన దేశపు చమురు 1970 ప్రాంతమున శిఖరమునంది తరుగునని చెప్పగా అట్లే జరిగినది. షేలు శిలలను నీటి పీడనముతో పగులగొట్టు పద్ధతి వచ్చిన పిదప 2018లో ఆ శిఖరము కూడ దాటిపోయినది. శాస్త్రజ్ఞుడు తప్పలేదు, పని సాధనములు మారినవి.

అపోహ: జనము పెరుగుటయే ఇంధనపు కొరతకు మూలము.

దీనిని నేను అపోహ మాత్రమే అనను, అన్యాయమనియు అందును. అమెరికాలో తలకు ఏటా 21, 22 పీపాల చమురు ఖర్చగుచుండగా, 2023లో జనసంఖ్యలో ప్రపంచమున మొదటిస్థానమునకు వచ్చిన మన దేశమున ఒకటిన్నర పీపాయైనను పడదు. పైగా 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణమున స్త్రీకి సగటు సంతానము 1.8, ఆంధ్రప్రదేశమున 1.7, జనసంఖ్య నిలకడగా నుండుటకు 2.1 కావలెను. అనగా తెలుగునాట కాన్పులు తగ్గుచుండగనే ఇంధనపు గిరాకీ పెరుగుచున్నది.

ధారూర్ మండలపు ఏ పల్లెలోనైనను కారణము కంటికి కనబడును. కంది కోసిన తరువాత కట్టెను మోపులు కట్టి, ఇంటివెనుక వామిగా పేర్చి, ఏడాది పొడుగునను పొయ్యిలోనికి వాడుకొను అవ్వ యింటిలోనే నేడు గ్యాసు బండ, కూలరు, ఫ్రిజ్జు, మనుమనికి మోటారుసైకిలు, పొలమున బోరు మోటారు ఉన్నవి. ఎద్దుల స్థానమున కిరాయి ట్రాక్టరు వచ్చినది. ఇంటిలో తలలు తగ్గినవి, సౌకర్యములు పెరిగినవి. పొగలో దగ్గుచు వండిన ఆ తల్లికి గ్యాసు పొయ్యి రాకూడదని యెవరు చెప్పగలరు?

అపోహ: ఇంటిమీద సౌరఫలకములు పెట్టినచో పెట్రోలు బెడద తీరును.

మన విద్యుత్తులో సుమారు నాలుగింట మూడువంతులు బొగ్గుదే. చమురుతో పుట్టునది అత్యల్పము. చమురు పోవునది లారీలకు, ట్రాక్టర్లకు, మోటారుసైకిళ్లకు, విమానములకు. కావున సౌరఫలకము నేడు మిగిల్చునది బొగ్గును. బండి కూడ కరెంటుతో నడచిననాడే అది పెట్రోలును మిగిల్చును. 2025లో స్థాపిత సామర్థ్యమున సగము బొగ్గు, వాయువు, చమురు కాని వనరులదైనదన్న వార్త నిజమే. కాని రాత్రి సూర్యుడు లేనందున, ఉత్పత్తియైన కరెంటులో మాత్రము బొగ్గే నేటికిని పెద్దపాలు. 2018 జనవరి 1 నుండి తెలంగాణ రైతుకు ఇరువదినాలుగు గంటల ఉచిత విద్యుత్తు వచ్చినది గదా, ఆ బోరు మోటార్లను ఎండ కాయు వేళలోనే నడుపుకొన్నచో సౌరశక్తికి అంతకంటె తగిన వినియోగము వేరొకటి లేదని నా నమ్మకము.

ఇక బీడు భూములలో అడవి ఆముదము వేసి డీజిలు పండించుకొందమన్న ఆశ యొకటి. 2003లో ప్రణాళికా సంఘము దానికి పెద్ద పథకమునే సూచించి, 2011–12 నాటికి డీజిలులో ఐదవవంతు కలుపవలెనన్నది. చెట్టు ఎండకు తట్టుకొని బ్రదికినది, నీరును సత్తువయు లేని నేలలో గింజ మాత్రము చాలినంత కాయలేదు.

అపోహ: మంచి ఇంధనము దొరికినచో సిమెంటు పొగ కూడ పోవును.

తాండూరు బండలను కోయు పాలిషింగ్ యూనిట్ల విషయములో ఇది కొంత నిజము. ఆ రంపములు కరెంటుతో తిరుగును గనుక కరెంటు శుద్ధమైనచో పనియు శుద్ధమగును. ఆ పక్కనే యున్న సిమెంటు ఫ్యాక్టరీలకు ఇది వర్తింపదు. బట్టీలో సుమారు 1,450 డిగ్రీల వేడి కావలెను, దానికి బొగ్గును, చమురు శుద్ధిలో మిగులు పెట్కోకును కాల్చుదురు. కాని వెలువడు బొగ్గుపులుసు వాయువులో సగముకంటె ఎక్కువ ఇంధనమునుండి రాదు, సున్నపురాయి వేడికి విడిపోయి సున్నముగా మారునప్పుడు ఆ రాతినుండియే వచ్చును. దానిని తగ్గించుటకు నేడు విరివిగా వాడు ఉపాయము, బట్టీలో కాలి వచ్చు గడ్డయైన క్లింకరును సిమెంటులో తగ్గించి బూడిదను కలుపుట. ఆ బూడిద బొగ్గును కాల్చు విద్యుత్కేంద్రములలో తయారగునది.