నల్లజాతి ఆడపిల్లల నవలలు: మనం అనుకునేవి, అసలు ఉన్నవి

అమెరికా నల్లజాతి రచయిత్రులు తమ జాతి ఆడపిల్లల గురించి రాసిన నవలలు ప్రపంచమంతా చదువుతోంది. అయినా వాటిని తెరవకముందే ఒక మాట అనేసి పక్కన పెట్టేవాళ్లు మన పాఠకుల్లోనూ తక్కువేమీ కాదు. అలా అనేసే మాటల్లో నాలుగింటిని చూద్దాం.

అపోహ: ఇవన్నీ కష్టాలు దాటి గెలిచిన ఆడపిల్లల కథలు.

వాస్తవం: టోనీ మోరిసన్ మొదటి నవల ‘ది బ్లూయెస్ట్ ఐ’ (1970) చదివినవాళ్లు ఈ మాట అనలేరు. 1941 నాటి ఒహాయో రాష్ట్రం, లొరైన్ పట్టణం. పదకొండేళ్ల పెకోలా తనకు నీలికళ్లు ఉంటే అందరూ ప్రేమిస్తారని నమ్ముతుంది. కన్నతండ్రే ఆమెపై అత్యాచారం చేస్తాడు. పుట్టిన బిడ్డ దక్కదు. చివరికి నీలికళ్లు వచ్చేశాయన్న భ్రమలో ఆమెకు మతి చలిస్తుంది. ఆ పిల్లను ఎవరూ కాపాడరు. ఊరంతా చూస్తూ ఊరుకున్న తీరునే మోరిసన్ పాఠకుల ముందు పెట్టింది.

శాఫైర్ రాసిన ‘పుష్’ (1996)లో గెలుపు ఉంది, కానీ అది మనం ఊహించుకునే గెలుపు కాదు. 1987లో న్యూయార్క్ హార్లెంలో ఉండే పదహారేళ్ల ప్రెషస్ తండ్రి వల్ల రెండోసారి గర్భవతి అవుతుంది. చదవడం, రాయడం దాదాపు రాదు. బ్లూ రెయిన్ అనే టీచర్ దగ్గర అక్షరాలు నేర్చుకుంటుంది, తన డైరీ తాను రాసుకుంటుంది. హెచ్‌ఐవీ ఉందని తేలాక కూడా రాయడం ఆపదు. నవల ముగిసేనాటికి ఆమె చేతిలో ఉన్నవి ఒక కొడుకు, ఒక నోటుపుస్తకం. నాకు ఇదే గొప్ప ముగింపు అనిపిస్తుంది.

అపోహ: ఇవి రచయిత్రుల సొంత జీవితాలే, కాస్త పేర్లు మార్చి రాశారు.

వాస్తవం: శాఫైర్ హార్లెంలో చదువు చెప్పింది. అక్కడ చూసిన ఎందరో అమ్మాయిల నుంచి ప్రెషస్‌ను కల్పించింది. నీలికళ్లు కోరుకున్న ఒక చిన్ననాటి స్నేహితురాలి మాట మోరిసన్ నవలకు విత్తనమైంది.

దీనికి తలకిందులుగా జరిగిన అన్యాయం ఒకటుంది. హ్యారియెట్ జేకబ్స్ నార్త్ కరోలినాలో బానిసగా పుట్టింది. యజమాని లైంగిక వేధింపుల నుంచి తప్పించుకోవడానికి అమ్మమ్మ ఇంటి కప్పు కింద నిలబడటానికి కూడా వీల్లేని ఇరుకులో దాదాపు ఏడేళ్లు దాక్కుంది. 1861లో లిండా బ్రెంట్ అనే మారుపేరుతో తన కథను అచ్చు వేయించింది. దాన్ని పండితులు చాలాకాలం నవల అనుకున్నారు. ఒక బానిస స్త్రీ అంత బాగా రాయగలదంటే నమ్మలేకపోయారు. జీన్ ఫాగన్ యెల్లిన్ అనే పరిశోధకురాలు ఉత్తరాలు, పాతపత్రాలు వెతికి, 1987లో తెచ్చిన ప్రతితో అది నిజజీవితమేనని తేల్చింది. నల్లజాతి స్త్రీ కల్పన రాస్తే ఆత్మకథ అన్నారు, ఆత్మకథ రాస్తే కల్పన అన్నారు. రెండింటిలోనూ ఆమె ప్రతిభనే శంకించారు.

అపోహ: భాష సరిగా రానివాళ్ల రాతలు.

వాస్తవం: ‘దెయిర్ ఐస్ వర్ వాచింగ్ గాడ్’ (1937)లో పాత్రలకు ఫ్లోరిడా నల్లజాతి యాస పెట్టిన జోరా నీల్ హర్‌స్టన్ మానవశాస్త్రం చదువుకుని, ఊరూరా తిరిగి జానపద కథలు సేకరించిన మనిషి. ఆ యాసను ఏరికోరి వాడింది. యాసలో రాసిన కథలకు విలువ ఇవ్వాలని మన తెలంగాణ, ఉత్తరాంధ్ర, రాయలసీమ రచయితలు ఎంత పోరాడారో తెలిసిన తెలుగు పాఠకులకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. హర్‌స్టన్ 1960లో పేదరికంలో కన్నుమూసింది. ఆమె సమాధిపై పేరు కూడా లేకపోతే, 1973లో రచయిత్రి ఆలిస్ వాకర్ వెతుక్కుంటూ వెళ్లి రాయి వేయించింది.

అపోహ: ఇవి మగవాళ్లను తిట్టడానికి రాసినవి.

వాస్తవం: ఆ వాకర్ రాసిన ‘ది కలర్ పర్పుల్’ (1982) మీదే ఈ నింద గట్టిగా పడింది. 1985లో స్పీల్‌బర్గ్ దాన్ని సినిమాగా తీసినప్పుడు నల్లజాతివారి నుంచే నిరసనలు వచ్చాయి. నవలలో కథానాయిక సీలీని కొట్టి, చెల్లెలి ఉత్తరాలు దాచిపెట్టిన భర్త ఆల్బర్ట్ చివరికి మారతాడు, వరండాలో ఆమె పక్కన కూర్చుని బట్టలు కుడతాడు. ‘పుష్’లో కూతుర్ని హింసించేవాళ్లలో కన్నతల్లీ ఉంది. హింస ఎవరు చేసినా ఈ రచయిత్రులు దాన్ని దాచలేదు, అంతే. పైగా ఇవి హింస గురించే కాదు. సీలీకి అండగా నిలిచింది తోటి నల్లజాతి స్త్రీలే. వారిలో ఒకరైన షుగ్ ఏవరీ ఆమెకు ఆ ఉత్తరాలు వెతికి పెట్టింది, తన ఇంటికి వెంట తీసుకెళ్లింది. సీలీ ప్యాంట్లు కుట్టి సొంతంగా బతకడం అక్కడే మొదలైంది. ఈ నవలకే 1983లో వాకర్ పులిట్జర్ అందుకుంది. కాల్పనిక సాహిత్యంలో ఆ బహుమతి పొందిన మొదటి నల్లజాతి మహిళ ఆమే.

ఇప్పటిదాకా ఈ నవలలు చదవనివారు ‘ది కలర్ పర్పుల్’తో మొదలుపెట్టండి, ‘ది బ్లూయెస్ట్ ఐ’ తర్వాత చదవండి. వీటిలో లైంగిక హింస సూటిగా ఉంటుంది. అలాంటి బాధ పడినవారు మనసు సిద్ధంగా ఉన్నప్పుడే, నమ్మకమైన మనిషి తోడుండగా చదవండి. కాలేజీ లైబ్రరీలో ఈ పుస్తకాలు లేకపోతే తెప్పించమని అడగండి.