డార్ట్‌మూర్‌లో ఆరుబయట బస

ఇంగ్లాండులోని డెవాన్ కౌంటీలో ఉన్న డార్ట్‌మూర్ ఉమ్మడి భూములలో, నిర్దేశించిన ప్రాంతాలలో, యజమాని అనుమతి లేకుండా, రుసుము చెల్లించకుండా గుడారం వేసుకొని రాత్రి గడపవచ్చును. ఈ హక్కుకు ఆధారం 1985 నాటి డార్ట్‌మూర్ కామన్స్ చట్టం. ఆ చట్టంలోని "ఆరుబయట వినోదం" అన్న మాటలో గుడారంలో నిద్రించుట కూడా చేరునా అన్నదే తరువాతి వివాదం. 2023 జనవరిలో హైకోర్టు చేరదన్నది. జూలైలో అప్పీలు కోర్టు చేరునన్నది. 2025 మేలో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా హక్కును సమర్థించింది.

వీపున మోయగల చిన్న గుడారానికే అనుమతి గనుక పేదవారికీ ఇది అందుబాటులో ఉన్నది. డబ్బు తక్కువైనచో గుడారం మీద కన్నా పడక మీద వెచ్చించుట మేలు. శరీరపు బరువుకు నలిగిన దుప్పటి నేల చలిని ఆపలేదు, చవకైన ఫోమ్ చాప ఆపగలదు. చలిమంట వేయుట నిషిద్ధం. ఒకేచోట రెండు రాత్రులకు మించి ఉండరాదు.