పరికరముల చిరునామా పుస్తకము

మాసబ్ ట్యాంకులోని ఖనిజ భవనమునకు ఇంటిసంఖ్య 10-3-311/ఎ. ఇందు మొదటి అంకె వార్డును, రెండవది ఆ వార్డులోని బ్లాకును, మూడవది ఆ బ్లాకులోని ఇంటిని తెలుపును. హైదరాబాదున ఇండ్లకు సంఖ్యలిచ్చు పద్ధతి ఇదియే. మానునుండి కొమ్మ, కొమ్మనుండి రెమ్మ చీలినట్లు, పెద్దదానిలో చిన్నది ఇమిడియుండును. (ఉత్తరములు వ్రాయువారు మాత్రము "ఆసుపత్రి ప్రక్క సందు" అని చేర్చినగాని తృప్తి చెందరు, అది వేరు సంగతి.) మన ఇండ్లలోని చిన్న కంప్యూటర్లు తమ భాగములను గుర్తించు రీతియు ఇట్టిదే. దానిని ఇంజనీర్లు డివైస్ ట్రీ, అనగా పరికర వృక్షము, అందురు.

కంప్యూటరనగా బల్లమీది పెట్టె యొక్కటే కాదు. టెలివిజనుకు తగిలించు పెట్టె, వైఫై రౌటరు, చేతిలోని ఫోను సహితము కంప్యూటర్లే. వీనిలో పెక్కింట లినక్స్ కెర్నెల్ పనిచేయుచున్నది. కెర్నెల్ అనగా యంత్రభాగములకును మనము వాడు ప్రోగ్రాములకును నడుమ నిలిచి, ఎవరికెప్పుడేది అందవలెనో చూచు మూల ప్రోగ్రాము. పనికి దిగుటకు ముందే, ఏ భాగము ఎక్కడున్నదో దానికి తెలిసియుండవలెను. బల్లమీది కంప్యూటరులో అమర్చు కార్డులు, అడిగినచో తమ పేరు తామే చెప్పుకొనును. ఫోను చిప్పులో ఇమిడిన భాగములట్లు కావు; అడిగినను పలుకవు. తప్పు చిరునామాకు సందేశము పంపినచో యంత్రమే నిలిచిపోవచ్చును. కావున ఆ చిరునామాలను ఎవరో ఒకరు ముందే వ్రాసి పెట్టవలెను.

ఫోనులందు విరివిగా వాడు ఆర్మ్ జాతి చిప్పుల విషయమున, 2011కు పూర్వము ఈ వివరములను ఎక్కువగా కెర్నెల్ ప్రోగ్రాములోనే వ్రాసెడివారు. ఒక్కొక్క బోర్డుకు ఒక్కొక్క ఫైలు; ఒకరు వ్రాసినదానినే మరియొకరు కొద్దిపాటి మార్పుతో తిరిగి వ్రాయుట. లినక్స్ కర్తయైన లైనస్ టోర్వాల్డ్స్ 2011 మార్చిలో ఈ గందరగోళముపై గట్టిగా విసుగుకొనెను. అంతట, పవర్‌పీసీ యంత్రములందు అప్పటికే వాడుకలోనున్న పరికర వృక్షమును ఆర్మ్ వారును స్వీకరించిరి. దాని మూలము ఇంకను పాతది. 1994 నాటి ఓపెన్ ఫర్మ్‌వేర్ ప్రమాణమందున్నది.

పాత వాల్వు రేడియోలను ఎరిగినవారికి ఇది సులభముగా బోధపడును. కొన్ని సెట్ల వెనుక అట్టకు లోపలివైపున, ఏ వాల్వు ఎక్కడున్నదో చూపు పటమొకటి అంటించి యుండెడిది. మెకానిక్కు ఊరిలోని సెట్లన్నింటిని కంఠస్థము చేయనక్కరలేదు. వాల్వు చేయు పని తెలిసినచో చాలును, స్థలమును పటము చెప్పును. పరికర వృక్షము అట్టి పటమే. పని కెర్నెల్ వంతు, స్థలము పటము వంతు అయినందున, ఒకే కెర్నెల్ అనేక బోర్డులపై నడచుటకు వీలు కలిగినది.

పిమ్మట పటములే పెరిగిపోయినవి. 2023 నాటికి 32 బిట్ల ఆర్మ్ బోర్డులు 1,559 అయినవి. వాని పటములన్నియు ఒకే ఫోల్డరులో కిక్కిరిసి యుండెను. 64 బిట్ల వానికి తయారీదారు వారీగా వేరు ఫోల్డర్లు అప్పటికే ఉన్నవి. వీనికేల లేకపోయెను? పటములనన్నింటిని కెర్నెల్ మూలమునుండియే వెలుపలికి తరలింపవలెనని ఒక ఆలోచన యుండుటచే, ఇల్లు సర్దు ప్రయత్నములు మధ్యలో ఆగిపోయినవి. కొత్త ఇల్లు కట్టుదమని పాత ఇంటిని సర్దుకొనక కూర్చుండుట వంటిదిది. ఇంతకాలము ఆగవలసిన పని లేదని మా అభిప్రాయము. తుదకు రాబ్ హెరింగ్ అను ఇంజనీరు పూనుకొనగా, 2023 ఆగస్టులో వెలువడిన 6.5వ కెర్నెల్‌లో ఆ పటములు తయారీదారుల పేరిట విడివడినవి.

ఇందలి నేర్పు తరలింపులో కన్న, మార్చక వదలినదానియందు ఎక్కువగా కలదు. పటముల లోపలి పాఠము ముట్టలేదు. మార్పుల చరిత్రను భద్రపరచు గిట్ అను పనిముట్టు, పాఠము ఒకటిగా నున్నచో, ఫైలు చోటు మారినను ఇది పాతదేయని గుర్తుపట్టును. తరలింపుతోబాటు పెక్కు సవరణలు కలిపినచో ఆ గుర్తు చెదరవచ్చును. పటములను సిద్ధపరచి యంత్రములో చేర్చు తావును సైతము మునుపటివలెనే ఒకే వరుసగా ఉంచిరి. లోపల గదులు మారినవి, వీధిగుమ్మము మారలేదు. ఐనను కొంత దిద్దక తప్పలేదు. రాస్ప్‌బెర్రీ పై 4 బోర్డు పటము 32 బిట్ల వైపున ఉండగా, 64 బిట్ల వైపు ఫైలు దానినే పిలుచుకొనును. ఆ పిలుపులో బ్రాడ్‌కామ్ అను ఫోల్డరు పేరు చేర్చవలసివచ్చెను.

పేర్లు పెట్టుటయు చిక్కే. చిప్పు చేసిన సంస్థ నేటికిని ఉన్నచో దాని పేరే; క్వాల్‌కామ్ వంటివానికి చిక్కు లేదు. సంస్థ చేతులు మారి చిప్పు ఇంకను అమ్ముడగుచున్నచో, నేటి యజమాని పేరు. ఫ్రీస్కేల్ సంస్థ 2015లో ఎన్‌ఎక్స్‌పీ సంస్థలో కలిసినందున, దాని చిప్పుల పటములు ఎన్‌ఎక్స్‌పీ పేరిట చేరినవి. ఏ సంస్థయు పట్టించుకొననివానికి వాడుక పేరునే ఉంచిరి; పాత రౌటర్లలోను, దస్త్రములు దాచు పెట్టెలలోను వాడిన జెమినీ చిప్పు ఇట్టిది. ఈ మూడవ నియమము మన నగరవాసులకు వింత కాదు. గోలకొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా తల్లియైన హయాత్ బక్షీ బేగమును జనులు మా సాహెబా యనెడివారు. ఆమె పేరిటి చెరువే నోటబడి మాసబ్ ట్యాంకైనది. చెరువున్న చోట నేడు చాచా నెహ్రూ పార్కు ఉన్నది. పేటకు చెరువు పేరే చెల్లుచున్నది.

పాత పటములను ఇంత జాగ్రత్తగా కాపాడుట ఇంజనీర్ల ముచ్చటకొరకు కాదు. తయారీదారు కొన్నియేండ్లకు పాత రౌటరుకు భద్రతా సవరణలు పంపుట మానును. దాని పటము కెర్నెల్ మూలమున నిలిచియున్నచో, తెలిసినవారు కొత్త కెర్నెలును దానికి తగినట్లు కూర్చి, సవరణలన్నింటితో మరల నడిపింపగలరు. పటము లేనిచో, ఆ పెట్టెలోని చిప్పు చెక్కుచెదరకున్నను, కొత్త కెర్నెలుకు దానిలో ఎక్కడేమున్నదో తెలియదు.