పెడన అద్దకానికి పన్ను పోటు ముడిసరుకులోనే
నమోదు లేనంత మాత్రాన పన్ను తప్పినట్టు కాదు

పెడన: ఏడాదికి 40 లక్షల రూపాయలలోపు సరుకు అమ్ముకునేవారు జి.ఎస్.టి.లో నమోదు కానక్కరలేదు. మన రాష్ట్రంలో 2019 ఏప్రిల్ 1 నుంచి ఈ హద్దు అమలులో వుంది. పెడనలోను, మచిలీపట్నం పరిసరాల్లోను రెండు మూడు బల్లలు వేసుకుని కలంకారీ అద్దకం చేసే చిన్నవారిలో చాలామంది ఈ హద్దుకు లోపలే వుంటారు. కనుక తమకు పన్ను లేదనుకోవడం సహజమే. అయితే నమోదు లేకపోవడం వేరు, పన్ను కట్టకపోవడం వేరు. గాడా గుడ్డ కొన్ననాడే, రంగు డబ్బా ఇంటికి తెచ్చిననాడే పన్ను చెల్లిపోతున్నది. బిల్లు అడగనివారికి అది కంటికి కనపడదు, అంతే.

ఒక్క దుప్పటి తయారు కావాలంటే ఎన్ని సరుకులు కావాలో అద్దకందార్లకు తెలియంది కాదు. ముందుగా గాడాను ఉతికి గంజి పోగొట్టాలి. కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టాలి. తుప్పు ఇనుమును బెల్లం నీళ్లలో రోజుల తరబడి వూరబెట్టి తీసిన ద్రవంతో నల్ల గీతలు, పటిక కలిపిన ద్రవంతో ఎరుపు రావలసిన చోట్లు అద్దాలి. ఆ తరువాత కాలవ నీళ్లలో జాడించి, రాగి కాగులో రంగుతో కలిపి వుడికించాలి. పటిక తగిలిన చోటే ఎరుపు పడుతుంది. పసుపుపచ్చకు, నీలానికి మళ్లీ వేరే వరస.

వీటిలో పొయ్యిలోకి వాడే కట్టెలకు పన్ను లేదు. బెల్లం విడిగా తూకం వేయించుకుంటే పన్ను లేదు. ముద్ర వేసి కట్టిన పొట్లంలో కొంటే 5 శాతం వుంది (ఇది 2022 జూలైలో వచ్చింది). గాడా గుడ్డపై 5 శాతం. కృత్రిమ రంగులు, పటిక వంటి రసాయనాలపై 18 శాతం. అచ్చులు చెక్కించుకోవడానికి వాడే టేకు కలపపైనా 18 శాతమే. తయారైన అద్దకం గుడ్డపై మాత్రం 5 శాతం. 2025 సెప్టెంబరు 22న రేట్లు సవరించి 12 శాతం అంతస్తును ఎత్తివేసినప్పుడు చేతివృత్తుల వస్తువులు అనేకం 5 శాతానికి దిగాయి. నూలు గుడ్డ ముందునుంచీ 5లోనే వున్నందున అద్దకందారుకు అందులో కలిసివచ్చింది లేదు. రంగు 18లోనే వుండిపోయింది.

గుడ్డపై పన్ను మాట పెడనకు కొత్త కాదు. బందరు రేవునుంచి ఇంగ్లండు చేరిన అద్దకం గుడ్డల గిరాకీ చూసి అక్కడి పట్టు నేతవారు, ఉన్నివారు గగ్గోలు పెట్టగా, ఆ దేశపు పార్లమెంటు 1700లో ఒకసారి, 1721లో మరోసారి వాటిని నిషేధిస్తూ చట్టాలు చేసింది. కుంఫిణీ కాలంలో మద్రాసు రాజధానిలో మగ్గాలపైన, చేతివృత్తులపైన మొహతర్ఫా పన్ను వసూలయ్యేది. స్వాతంత్ర్యం వచ్చాక కొంత వెసులుబాటు దొరికింది. 1957 చట్టం ప్రకారం గుడ్డపై రాష్ట్రాలు అమ్మకం పన్ను మానుకుని, బదులుగా మిల్లు గడపలోనే అదనపు ఎక్సైజు సుంకం వసూలయ్యే ఏర్పాటు జరిగింది. దుకాణంలో గుడ్డ కొనేవారికి పన్ను బాధ వుండేది కాదు. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చాక ఆ ఏర్పాటు పోయింది. 2022 జనవరి 1 నుంచి గుడ్డపై పన్నును 12 శాతానికి పెంచాలని కూడా నిర్ణయించారు. దేశమంతటా నిరసనలు రావడంతో, సరిగ్గా ముందురోజున, 2021 డిసెంబరు 31న, జి.ఎస్.టి. మండలి దానిని ఆపివేసింది.

లక్ష రూపాయల గాడా లెక్క

ఒక అద్దకందారు లక్ష రూపాయల గాడా, పదివేల రూపాయల రంగులు కొన్నాడనుకుందాం. గాడాపై 5,000, రంగులపై 1,800, వెరసి 6,800 రూపాయలు పన్నుగా చెల్లించాడు. అద్దకం పూర్తయ్యాక ఆ సరుకు 1,80,000 రూపాయలకు అమ్ముడుపోతుందనుకుందాం.

అతనికి నమోదు వుంటే కొనేవారి దగ్గర 5 శాతం చొప్పున 9,000 రూపాయలు వసూలు చేస్తాడు. అందులోంచి తాను ముందే కట్టిన 6,800 మినహాయించుకుని, మిగిలిన 2,200 సర్కారుకు జమ చేస్తాడు. ముడిసరుకుపై కట్టినదంతా తిరిగి చేతికి వచ్చినట్టే. నమోదు లేకపోతే ఆ 6,800 తిరిగిరాదు. పెట్టుబడిలో కలిసిపోతుంది.

అయితే అందరూ నమోదు చేయించుకుంటే సరిపోతుందా? ఇక్కడే చూసుకోవాలి. కొనేది హైదరాబాదులోనో విజయవాడలోనో నమోదు వున్న వస్త్ర వ్యాపారి అయితే, అద్దకందారు వేసిన 9,000 రూపాయల పన్ను అతనికి బరువు కాదు, తన లెక్కలో తిరిగి రాబట్టుకుంటాడు. అతనికి సరుకు 1,80,000కే పడుతుంది. నమోదు లేని అద్దకందారు తన 6,800 కలుపుకుని 1,86,800 అడిగితే మాత్రం వ్యాపారి బేరం మొదలుపెడతాడు. చివరకు ఆ నష్టం అద్దకందారు నెత్తినే పడుతుంది.

ఇంటి ముందు దుకాణం పెట్టుకుని నేరుగా కట్టుకునేవారికి అమ్మితే లెక్క తలకిందులవుతుంది. నమోదు వున్నవాడు కొనేవారినుంచి 1,89,000 తీసుకోవాలి. లేనివాడు 1,86,800కే ఇవ్వగలడు. చీర కొనే గృహిణికి మినహాయింపులతో పని లేదు. ఆమెకు కావలసింది తక్కువ ధర. స్క్రీన్ ప్రింటు గుడ్డను కలంకారీ పేరుతో సగం ధరకు అమ్ముతున్న ఈ రోజుల్లో ఆ రెండు వేల తేడా కూడా చిన్నదేమీ కాదు.

ఇక కాంపొజిషన్ పద్ధతి వుంది. అమ్మకంపై 1 శాతం కడితే చాలునని వినడానికి బాగుంటుంది. పై ఉదాహరణలో అది 1,800 రూపాయలు. దానిని కొనేవారి దగ్గర వసూలు చేయరాదు, ముడిసరుకుపై కట్టిన 6,800 మినహాయించుకోరాదు, వేరే రాష్ట్రానికి సరుకు అమ్మరాదు. 40 లక్షల లోపు వున్న అద్దకందారుకు దీనితో ఒరిగేది కనపడదు.

కూలికి అద్దేవారు

గుడ్డ యజమానిది, పని తనది అన్నట్టు అద్దేవారు ఎందరో వున్నారు. వీరి పని సేవ కింద లెక్క, హద్దు 20 లక్షలు. అది దాటితే అద్దకం కూలిపై 5 శాతం పన్ను వేయాలి. రోజు కూలికి పోయేవారికి దీనితో సంబంధం లేదు. రంగులు కూడా తామే పెట్టుకుని గజానికి ఇంత అని ఒప్పుకునేవారు మాత్రం జాగ్రత్త పడాలి. రంగుపై 18 శాతం వారి కూలిలోంచే పోతుంది. రేటు మాట్లాడుకునే ముందు రంగు బిల్లు దగ్గర పెట్టుకోవడం మంచిది.

ఢిల్లీ, సూరజ్‌కుండ్ వంటి చోట్ల మేళాలకు సరుకు తీసుకువెళ్లేవారికి ఒక వెసులుబాటు వుంది. మామూలుగా పొరుగు రాష్ట్రంలో అమ్మాలంటే నమోదు తప్పనిసరి. చేతివృత్తుల సరుకుకు 2017లోనే దీనినుంచి మినహాయింపు ఇచ్చారు. చేతి అద్దకం గుడ్డలు ఆ జాబితాలో వున్నాయి. అయితే పాన్ కార్డు వుండాలి, సరుకు విలువ ఎంత తక్కువైనా ఈ-వే బిల్లు తీసుకోవాలి. మూట కట్టేముందే అది చేతిలో వుంటే దారిలో తనిఖీవారితో పేచీ వుండదు.

నమోదు చేయించుకోదలచినవారికి సర్కారు రుసుము లేదు. కాని ఒకసారి నమోదయ్యాక మొదటి రూపాయి అమ్మకం నుంచే పన్ను వేయాలి. ఒక్క గజం అమ్మకపోయినా రిటర్ను దాఖలు చేయాలి. ఆలస్యమైతే అమ్మకం లేనివారికి రోజుకు 20 రూపాయలు, వున్నవారికి 50 రూపాయల చొప్పున రుసుము పడుతుంది. లెక్కలు రాసేవారికి ఇచ్చే జీతం సరేసరి. సాలుకు అయిదారు లక్షల సరుకు అమ్మేవారికి మినహాయింపులో మిగిలింది గుమాస్తాకే చాలకపోవచ్చు.

మినహాయింపు రావాలంటే గాడా, రంగుల బిల్లులపై అద్దకందారు నంబరు వుండాలి. అమ్మిన దుకాణదారు ఆ బిల్లును తన రిటర్నులో చూపించాలి. అతను చూపకపోతే కాగితం చేతిలో వున్నా డబ్బు రాదు. నమోదయ్యేనాటికి కొట్టులో వున్న సరుకుపై కట్టిన పన్నును కూడా రాబట్టుకోవచ్చు. బిల్లు ఏడాది దాటనిదై వుండాలి, 30 రోజుల్లో ఆ లెక్క దాఖలు చేయాలి. కాబట్టి ఇప్పటికి నమోదు ఆలోచన లేనివారు కూడా రంగు డబ్బాతో పాటు బిల్లును అడిగి తెచ్చుకుని దాచిపెట్టుకోవాలి.